వజ్రం క్లారిటీ: ఎక్కడిదాకా డబ్బు పెట్టొచ్చు, ఎక్కడ ఆపేయొచ్చు

ఒకసారి తెల్ల కాగితం మడతలో రెండు వజ్రాలు పక్కపక్కన పెట్టి, వీటిలో ఒకటి వీవీఎస్1, ఇంకోటి ఎస్ఐ1, ఏది ఏదో చెప్పండి చూద్దాం అన్నారు నాతో. ఇవి క్లారిటీ గ్రేడ్లు, అంటే రాయి లోపలా పైనా మచ్చలు, పగుళ్లు ఎంత తక్కువో చెప్పే మెట్లు, వీవీఎస్1 బాగా పైది, ఎస్ఐ1 దానికి చాలా కిందది. సైజు ఒకటే, కలర్ ఒకటే, కట్ కూడా ఒకటే. అటు తిప్పి ఇటు తిప్పి, లైట్ కింద పెట్టి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసి, కాస్త ఎక్కువ మెరుస్తున్నట్టు అనిపించినదాన్ని చూపించి ఇదే వీవీఎస్ అని గట్టిగా చెప్పేశా. అది ఎస్ఐ1.

అప్పుడు లూప్ చేతికిచ్చారు. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం అది, కంటికి ఆనించుకుని రాయిని ఓ రెండున్నర సెంటీమీటర్ల దూరంలోకి తెచ్చుకుంటేనే ఫోకస్ కుదురుతుంది. కాసేపు అంతా మసకే, చెయ్యి వణుకుతోంది, రాయి కనిపించి మళ్లీ జారిపోతోంది. కుదురుకున్నాక కనిపించింది, ఎస్ఐ1 రాయి పైభాగం అంచు కింద ఉప్పు రవ్వంత స్ఫటికం, దాన్ని ఆనుకుని సన్నటి తెల్లటి పగులు, ఈకలాగా. ఒకసారి దొరికాక ఇక ప్రతిసారీ కన్ను అక్కడికే పోతుంది. వీవీఎస్1లో మాత్రం ఎంత వెతికినా నాకేం దొరకలేదు. వెనక వైపు నుంచి వంచి చూస్తే ఒక సూదిమొన చుక్క ఉందని చెప్పారు, నేను నమ్మానంతే.

క్లారిటీకి మనం ఇచ్చే డబ్బు చాలావరకు ఈ లూప్‌లో కనిపించే తేడాకే. కన్ను ఎక్కడిదాకా తేడా పట్టగలదో అక్కడిదాకా ఇచ్చేది అందానికి, ఆ పైన ఇచ్చేదంతా అరుదుకి. రెండూ తప్పు కాదు, కానీ దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

## ముందు స్కేల్ సంగతి

ఇప్పుడు అందరూ వాడే గ్రేడ్లు అమెరికాలోని జీఐఏ (జెమలాజికల్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ అమెరికా, రాళ్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) 1950ల మొదట్లో తయారుచేసిన పద్ధతివి. శుభ్రమైనదాని నుంచి కిందకి మొత్తం 11 మెట్లు: ఎఫ్ఎల్ (ఏ లోపమూ లేనిది), ఐఎఫ్ (లోపల ఏమీ లేనిది), వీవీఎస్1, వీవీఎస్2 (అతి అతి స్వల్పంగా మచ్చలున్నవి), వీఎస్1, వీఎస్2 (అతి స్వల్పంగా), ఎస్ఐ1, ఎస్ఐ2 (స్వల్పంగా), ఐ1, ఐ2, ఐ3 (మచ్చలున్నవి). పదిరెట్ల భూతద్దంలో మచ్చలు ఎంత పెద్దవి, ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి, ఏ రకం, చుట్టూ ఉన్న రాయి నుంచి ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి, ఈ ఐదూ చూసి గ్రేడ్ వేస్తారు. కొందరు ఎస్ఐ3 అని కూడా అమ్ముతుంటారు, జీఐఏ స్కేల్‌లో అసలు ఆ మెట్టే లేదు. ఇంకో చిన్న గందరగోళం, కలర్‌లో కూడా ఐ అనే గ్రేడ్ ఉంది (కలర్ గ్రేడ్లు ఇంగ్లీషు అక్షరాలే, రంగే లేని డి నుంచి మొదలై, అక్షరం ముందుకెళ్లేకొద్దీ పసుపు పెరుగుతుంది), అది చాలామందికి నచ్చే మంచి రంగే. ఐ1 క్లారిటీ అంటే మాత్రం మచ్చ కంటికే కనిపించొచ్చు. రెండూ కలిపేసుకుని కంగారు పడకండి.

మెరుపు క్లారిటీ వల్ల రాదు, కట్ వల్ల, అంటే రాయిని కోసిన తీరు వల్ల వస్తుంది. ఇది చెప్తే ఎవరూ నమ్మరు గానీ లోపల ఏమీ లేని ఎఫ్ఎల్ రాయిని కూడా లోతు ఎక్కువో తక్కువో చేసి కోస్తే నీళ్లలో పడేసిన గాజుముక్కలా ఉంటుంది. కాబట్టి కట్ తగ్గించుకుని క్లారిటీ పెంచుకోవడం అనే ఆలోచన ఉంటే ఇక్కడే మానేయండి.

## గ్రేడ్ చూసేముందు తేల్చుకోవాల్సినవి

షేప్. అన్నిటికంటే ఇదే ముఖ్యం, దీన్నే అందరూ చివర్లో ఆలోచిస్తారు. రౌండ్ బ్రిలియంట్‌లో పట్టాలన్నీ (కోసిన చదును ముఖాలు) చిన్నచిన్న ముక్కలు, వెలుతురు చిందరవందరగా తిరిగొస్తుంది కాబట్టి ఆ సందడిలో చిన్న మచ్చ కలిసిపోతుంది. ఎమరాల్డ్ కట్, ఆషర్ కట్ మెట్లు మెట్లుగా పొడవాటి పట్టాలతో ఉంటాయి, వాటిలోకి చూడటం అంటే అద్దం తలుపులోంచి గదిలోకి చూసినట్టే, నేల మీద ఒక్క కాగితం ముక్క పడున్నా కనిపిస్తుంది.

సైజు. రాయి పెద్దదైతే కిటికీ పెద్దదైనట్టు. అర క్యారెట్ రౌండ్ అడ్డంగా ఓ 5 మిల్లీమీటర్లు, ఒక క్యారెట్ 6.5 మిల్లీమీటర్ల దగ్గర. చిన్నదాంట్లో దాక్కునే మచ్చ రెండు మూడు క్యారెట్లలో బయటపడిపోతుంది, పైగా పెద్ద రాయిని జనం దగ్గరికొచ్చి మరీ చూస్తారు.

ఎక్కడ పెట్టుకుంటారు. ఉంగరం రోజూ మీ కళ్లముందే ఉంటుంది. చెవులకైతే ఎదుటివాళ్లు చేతికందే దూరం నుంచే చూస్తారు, అదీ జుట్టు అడ్డం రాకపోతే.

మళ్లీ అమ్మే ఉద్దేశం ఉందా. ఉంటే లెక్క వేరు, దాని సంగతి కింద.

## ఒక చూపులో

| గ్రేడ్ | లూప్‌లో | కంటికి | ధర తీరు | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|---|
| ఎఫ్ఎల్, ఐఎఫ్ | లోపల ఏమీ లేదు | శుభ్రం | అరుదు కాబట్టి బాగా ఎక్కువ, డి, 'ఈ' అక్షరాల కలర్లలో మరీ | సేకరించేవాళ్లు, సెంటిమెంట్ ఉన్నవాళ్లు |
| వీవీఎస్1, వీవీఎస్2 | నిపుణుడికీ కష్టంగా | శుభ్రం | ఎక్కువ | పెద్ద ఎమరాల్డ్ కట్, మంచి కలర్‌కి జతగా |
| వీఎస్1, వీఎస్2 | కాస్త వెతికితే | దాదాపు ఎప్పుడూ శుభ్రం | మధ్యస్థం | రిస్క్ వద్దనుకునే చాలామంది |
| ఎస్ఐ1 | తేలిగ్గా | రాయిని బట్టి | తక్కువ | రాయిని స్వయంగా చూసి ఏరుకునేవాళ్లు |
| ఎస్ఐ2 | చాలా తేలిగ్గా | చాలాసార్లు కనిపిస్తుంది | ఇంకా తక్కువ | చిన్న రాళ్లు, చెవులకి |
| ఐ1 నుంచి ఐ3 | చూడగానే | ఎక్కువగా కనిపిస్తుంది | బాగా పడిపోతుంది | చూసుకుని, తెలిసి కొనేవాళ్లు |

టేబుల్ చూసి వీఎస్2 అని ఫిక్స్ అయిపోయి వెళ్లిపోతే పెద్ద నష్టమేం లేదు, నిజంగానే. కానీ డబ్బు మిగిలేదీ, మోసపోయేదీ ఈ గడుల లోపలే.

## ధర మెట్లు సమానంగా ఎందుకుండవు

ఏదైనా పెద్ద ఆన్‌లైన్ లిస్టింగ్ తెరిచి రౌండ్, 1.00 నుంచి 1.05 క్యారెట్, జి కలర్, ఎక్సలెంట్ కట్, జీఐఏ సర్టిఫికెట్ అని ఫిల్టర్లన్నీ బిగించేసి, క్లారిటీ ఒక్కటే మారుస్తూ ఒక్కో గ్రేడ్‌లో మధ్యలో ఉన్న ధర రాసుకోండి. తర్వాత అదే పని డి కలర్‌తో, ఆ తర్వాత జె కలర్‌తో. పావుగంట పని, కానీ ఏ సేల్స్‌మన్ చెప్పేదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

డి కలర్‌లో పై మెట్లు నిటారుగా ఉంటాయి, ఐఎఫ్ నుంచి వీవీఎస్‌కి దిగితేనే ధర చాలా తగ్గుతుంది. జె కలర్‌కి వచ్చేసరికి అవే మెట్లు చదునైపోతాయి. డి కలర్ కొనేవాడు అరుదైనదే కావాలని వచ్చినవాడు, లోపల కూడా అరుదుగానే ఉండాలంటాడు, అదనంగా ఇస్తాడు. కాస్త పసుపు తిరిగిన రాయి కొనేవాడు లూప్‌లో మాత్రమే తెలిసే శుభ్రతకి అంత అదనంగా ఎందుకిస్తాడు.

సైజు విషయంలోనూ అంతే. వ్యాపారులు చూసుకునే రాపాపోర్ట్ ధరల పట్టిక 1978 నుంచి ఉంది, అందులో క్యారెట్‌కి ఇన్ని వందల డాలర్లు అని కలర్, క్లారిటీ గడుల్లో ధరలుంటాయి. అవి వాళ్లు అడిగే ధరలు, బేరం వాటి మీద ఇంత శాతం తక్కువ అంటూ నడుస్తుంది. ఆ పట్టికలో 0.30 క్యారెట్ కంటే చిన్న రాళ్లకి ఐఎఫ్ నుంచి వీవీఎస్ దాకా కలిపి ఒకే గడి, వీఎస్ రెండూ కలిపి ఇంకో గడి. అంటే అంత చిన్న రాళ్లలో ఆ తేడాని మార్కెట్టే పట్టించుకోవడం లేదన్నమాట. పెద్ద రాళ్లకి వచ్చేసరికి దాదాపు ప్రతి మెట్టుకీ విడిగా గడి, గడికీ గడికీ మధ్య తేడా కూడా పెరుగుతూ పోతుంది.

బరువుకీ ముడి ఉంది. 0.99 నుంచి 1.00కి వెళ్తే క్యారెట్ ధరే మారిపోతుంది కాబట్టి, కోసేవాళ్లు అంచున చిన్న మచ్చ మిగిలినా వదిలేసి 1.00 దాటించడానికి చూస్తారు. దాన్ని పూర్తిగా తీసేస్తే క్లారిటీ ఒక మెట్టు పెరుగుతుంది గానీ బరువు ఒక మెట్టు పడిపోతుంది. మనకి కావాల్సింది ఇందులోనే ఉంది, 0.95 క్యారెట్ వీఎస్1, 1.00 క్యారెట్ ఎస్ఐ1 రెండూ దగ్గర దగ్గర బడ్జెట్లోకి రావచ్చు, అడ్డకొలతలో తేడా మాత్రం ఓ 0.1 మిల్లీమీటరే. "ఒక క్యారెట్" అని చెప్పుకోవాలనే కోరిక లేకపోతే నేనైతే 0.95 వైపే ఉంటా.

## ఒక్కో గడి లోపల

ఎఫ్ఎల్, ఐఎఫ్. ఎఫ్ఎల్ అంటే లోపలా బయటా పదిరెట్లలో ఏమీ లేదు, ఐఎఫ్ అంటే లోపల లేదు గానీ పైన ఏదో సన్నటి గీత లాంటిది ఉంది. కంటికి వీఎస్1కీ దీనికీ తేడా తెలిసే అవకాశం లేదు. అయినా కొనేవాళ్లున్నారు, మనసులో "ఇందులో లోపం లేదు" అనే మాట ఉండటం కొందరికి విలువే. అలాంటివాళ్లతో వాదించను. రోజూ పెట్టుకునే ఎఫ్ఎల్ ఉంగరం మాత్రం నాకు వింతగానే ఉంటుంది, ఎందుకంటే పైన ఒక్క గీత పడితే ఎఫ్ఎల్ కాస్తా ఐఎఫ్ అయిపోతుంది. ఇంకో మాట, హోప్ వజ్రం ఉంది కదా, 45.52 క్యారెట్ల నీలం రాయి, ప్రపంచమంతా క్యూ కట్టి చూస్తుంది, దాని క్లారిటీ వీఎస్1.

వీవీఎస్. చాలామంది "సేఫ్‌గా ఉంటుందని" దీనికి వెళ్లిపోతారు, రౌండ్‌లో ఇది అనవసర ఖర్చు అని నా అభిప్రాయం. ఆ డబ్బుతో కట్ మెరుగుపరుచుకోవచ్చు, కలర్ ఒక మెట్టు ఎక్కొచ్చు. రెండు క్యారెట్లు దాటిన ఎమరాల్డ్ కట్ అయితే మాత్రం అర్థముంది.

వీఎస్. చూడకుండా కొనాలంటే, అంటే సర్టిఫికెట్ నంబర్ మీదే ఆర్డర్ పెట్టాలంటే, ఇక్కడే ఆగండి. వీఎస్1కీ వీఎస్2కీ మధ్య రౌండ్‌లో వీఎస్2 చాలు, ఎమరాల్డ్, ఆషర్‌లలో వీఎస్1.

ఎస్ఐ1. అసలు ఆట ఇక్కడుంది. ఒకే గ్రేడ్‌లో కంటికి మచ్చ లేని రాయీ ఉంటుంది, మధ్యలో నల్లచుక్క కనిపించే రాయీ ఉంటుంది, రెండిటి ధరా పెద్దగా తేడా ఉండకపోవచ్చు. వ్యాపారంలో "ఐ క్లీన్" అంటారు (ఇక్కడ ఐ అంటే కన్ను, గ్రేడ్ కాదు), అంటే మామూలు వెలుతురులో పైనుంచి ఓ 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో మచ్చ కనపడకూడదు. కానీ ఈ మాటకి ఏ ల్యాబూ సర్టిఫికెట్ ఇవ్వదు, ఒక్కొక్కరు ఒక్కో దూరం చెప్తారు, కాబట్టి ఎవరైనా ఐ క్లీన్ అంటే ఎంత దూరం నుంచి, పైనుంచా పక్కనుంచా అని అడగండి. ఈ ప్రశ్నకి తడుముకున్నారంటే వాళ్లు రాయిని చూడకుండానే చెప్తున్నారు.

ఎస్ఐ2. నేను దెబ్బతిన్నది ఇక్కడే. వీడియోలో ఎక్కడా నల్లచుక్క లేదు, ధర బాగుంది, తెప్పించుకున్నా. వచ్చాక చూస్తే మచ్చ అయితే నిజంగానే లేదు, కానీ రాయి మొత్తం నూనె చేత్తో తుడిచిన గాజులా మబ్బుగా ఉంది, ఎంత కడిగినా అంతే. సర్టిఫికెట్ మళ్లీ తీసి చదివితే కింద కామెంట్లలో చిన్న అక్షరాలతో ఉంది, క్లారిటీ గ్రేడ్‌కి కారణం చిత్రంలో చూపించని క్లౌడ్స్ అని. క్లౌడ్ అంటే సూదిమొన చుక్కలు గుంపుగా చేరిన పొగ. విడిగా ఒక్కటీ కనపడదు, అన్నీ కలిసి వెలుతురుని మింగేస్తాయి. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకున్నారు, కానీ రవాణా ఖర్చు నాకే పడింది. వీఎస్1లో ఆ వాక్యం ఉంటే భయపడక్కర్లేదు, ఎస్ఐ2లో ఉంటే మాత్రం రాయి చూడకుండా కదలొద్దు.

ఐ గ్రేడ్లు. ఐ1లో అప్పుడప్పుడు అంచున తెల్లటి మచ్చతో సరిపెట్టే రాళ్లు దొరుకుతాయి. ఐ2, ఐ3 విషయంలో మెరుపూ తగ్గుతుంది, కొన్నిసార్లు గట్టితనమూ తగ్గుతుంది. అందుకే ధర అంతలా పడిపోతుంది.

## మచ్చ రకం, చోటు

సర్టిఫికెట్‌లో రాయి బొమ్మ ఉంటే ఎర్ర గీతలు లోపలి మచ్చలు, ఆకుపచ్చవి పైపైన ఉన్నవి. పక్కన పేర్ల జాబితాలో మొదట రాసిందే సాధారణంగా గ్రేడ్‌ని ఎక్కువ ప్రభావితం చేసింది. జీఐఏ చిన్న రాళ్లకి ఇచ్చే డాసియర్ రిపోర్ట్‌లో బొమ్మ ఉండదు, పేర్లే ఉంటాయి.

నేను చూసే వరస ఇదీ. తెల్లటి చిన్న స్ఫటికం అంచు దగ్గరుంటే సంతోషం, ఉంగరం పట్టీ (రాయిని పట్టి ఉంచే కొక్కెం) కిందకి వెళ్లిపోతుంది, దాని పుణ్యమా అని ధర తగ్గిన రాయి మనకి దొరికినట్టు. నల్ల స్ఫటికం పైపట్టా నడిమధ్యలో ఉంటే వద్దు. మచ్చ లోతుగా అడుగు మొనకి దగ్గరలో ఉంటే ఇంకా వద్దు, ఎందుకంటే అడుగు పట్టాలు అద్దాల్లా పనిచేసి ఒక్క మచ్చని అయిదారు చోట్ల చూపిస్తాయి, ఉన్నది ఒకటి, కనిపించేది గుంపు. ఈకలాంటి పగులుని ఫెదర్ అంటారు, లోపల ఉండిపోతే పర్లేదు, అంచున పైకి తేలితే జాగ్రత్త. వజ్రం గీతకి లొంగదు గానీ దెబ్బకి నాలుగు దిశల్లో చీలే గుణం దానికుంది, పట్టీ బిగించేటప్పుడు అక్కడే ఒత్తిడి పడితే చిట్లొచ్చు. ప్రిన్సెస్ కట్ మూలల్లో, పేర్ షేప్ మొనలో ఫెదర్ ఉంటే గ్రేడ్ ఏదైనా వదిలేస్తా.

## మీరు ఏ రకం

రోజువారీ ఉంగరం, ఒక క్యారెట్ లోపు రౌండ్, బడ్జెట్ తక్కువ: ఎస్ఐ1, కానీ ఏరుకోవాలి. ఏరుకునే ఓపిక లేకపోతే వీఎస్2.

రెండు క్యారెట్ల పైన ఓవల్, రౌండ్: వీఎస్2 నుంచి వీఎస్1. ఎమరాల్డ్ అయితే వీఎస్1 నుంచి వీవీఎస్2.

చెవులకి: ఎస్ఐ1, చిన్నవైతే ఎస్ఐ2 కూడా. రెండూ మబ్బు లేకుండా జతగా ఉండటం ముఖ్యం.

పక్కన పొదిగే చిన్న రాళ్లు: ఒక్కోదానికి గ్రేడ్ అడిగి టైమ్ వేస్ట్ చేసుకోకండి, అన్నీ తెల్లగా సమంగా ఉన్నాయా లేదా చూస్తే చాలు.

తిరిగి అమ్ముదామనుకునేవాళ్లకి మంచి క్లారిటీ పెడితే లాభం అనుకోవడం మామూలు. మీరు ఇచ్చిన రిటైల్ ధర తిరిగి రాదు, ఏ గ్రేడ్ అయినా సరే. జతకుదరని రాయి అయితే, అంటే కె కలర్‌లో వీవీఎస్1 లాంటిది, ఇంకా కష్టం, కలర్ అడిగేవాడికి కలర్ లేదు, క్లారిటీ అడిగేవాడికి కలర్ నచ్చదు. జి, హెచ్ కలర్లలో వీఎస్ అయితే అడిగేవాళ్లు ఎక్కువ.

ల్యాబ్‌లో పెంచిన వజ్రం అయితే పైన చెప్పిన అరుదు లెక్క చాలావరకు ఎగిరిపోతుంది. వీవీఎస్, వీఎస్ రాళ్లు బోలెడు దొరుకుతాయి, మెట్టుకీ మెట్టుకీ తేడా తక్కువ. జీఐఏ అయితే 2025 అక్టోబర్ నుంచి వాటికి ఈ 11 మెట్లు వాడటమే ఆపేసి ప్రీమియం, స్టాండర్డ్ అని రెండు మాటలతో సరిపెడుతోంది. అక్కడ వీఎస్1 తీసుకుంటే డబ్బు పెద్దగా పెరగదు, ఎస్ఐకి దిగి మిగుల్చుకునేదీ పెద్దగా లేదు.

## నమ్మలేనంత చవగ్గా ఉంటే

క్లారిటీ ఎన్‌హాన్స్‌డ్ అనే మాట వెతకండి, అంటే మచ్చ కనపడకుండా మార్పు చేసిన రాయి. రెండు రకాలుంటాయి. నల్లమచ్చ దాకా లేజర్‌తో సన్నటి రంధ్రం చేసి మచ్చని తెల్లబరిచేది ఒకటి, ఇది శాశ్వతం, జీఐఏ గ్రేడ్ ఇస్తుంది గానీ రంధ్రం ఉందని రాస్తుంది. పగుళ్లలో గాజులాంటి పదార్థం నింపేది ఇంకోటి, దీనికి జీఐఏ గ్రేడే ఇవ్వదు. నింపిన రాయిని నెమ్మదిగా వంచితే పగులు దగ్గర నారింజో ఊదానో ఒక్క క్షణం తళుక్కుమంటుంది. తర్వాత ఎప్పుడో ఉంగరం రిపేర్‌కి ఇస్తే కంసాలి మంట తగిలి ఆ నింపిన పదార్థం దెబ్బతింటే మీ ఐ క్లీన్ రాయి ఒక్క పూటలో పాత మచ్చతో తిరిగొస్తుంది.

ఇప్పటికే ఉంగరంలో బిగించిన రాయికి ఎవరైనా వీవీఎస్1 అని నోటితో చెప్తే తల ఊపి ఊరుకోండి, పట్టీలు కొన్ని మచ్చల్ని కప్పేస్తాయి, జీఐఏ కూడా విడి రాళ్లకే గ్రేడ్ ఇస్తుంది. బిగించకముందు ఒక్కసారి లూప్‌తో చూసుకునే అవకాశం అడగండి, కాదనే వాళ్లు తక్కువే.

మొత్తానికి నేను కొనుక్కున్నది ఎస్ఐ1. అంచుకి కాస్త లోపలగా కామా ఆకారంలో తెల్లటి స్ఫటికం, పట్టీ సగం కప్పేస్తుంది, పక్కనే చుక్కలు రెండు. ఉంగరం సైజు మార్చడానికో పాలిష్‌కో ఇచ్చి వెనక్కి తీసుకున్నప్పుడల్లా బిల్లు కట్టేముందు లూప్ తీసి ఆ కామా ఉందా అని చూసుకుంటా, పుట్టుమచ్చ చూసి మనవాడే అని గుర్తుపట్టినట్టు. ఐఎఫ్ రాయి కొన్నవాళ్లకి ఆ సౌకర్యం లేదు, వాళ్లు అంచున లేజర్‌తో నంబర్ చెక్కి ఉంటే దాన్ని వెతుక్కోవాల్సిందే.